రెండు తరముల జాగ్వార్

నలోపాఖ్యానము తెలిసినవారికి బాహుకుని సారథ్యము గుర్తుండును. దారిలో ఋతుపర్ణ మహారాజు ఉత్తరీయము గాలికి జారి పడినది. రథము నిలుపుమని రాజు అనునంతలో, ఆ వస్త్రము ఆమడ దూరము వెనుకబడినదని సారథి బదులు చెప్పినాడు. ఆ వేగము గుర్రముల బలము వలన మాత్రమే వచ్చినది కాదు. బాహుకుని రూపములో నున్న నలునకు అశ్వహృదయమను విద్య తెలియును. గుర్రము ఎప్పుడు ఏమి చేయునో ముందుగా ఎరిగి, దాని నడకతో తన చేతిని కలుపుటయే ఆ విద్య.

గుర్రములు పోయి మోటార్లు వచ్చిన పిదప బలమును కొలుచుటకు అశ్వశక్తి అను మాట మిగిలినది. మరి అశ్వహృదయము ఏమైనది?

ఇటీవల కారు నడుపుట నేర్చుకొన్న మా పెద్దవాడు ఒకనాడు రెండు బొమ్మలు నా ముందు పెట్టి, "నాన్నగారూ, ఈ రెంటిలో ఏది మంచి కారు?" అని అడిగినాడు. ఒకటి 1961లో బ్రిటిషు జాగ్వార్ సంస్థ విడుదల చేసిన ఈ-టైపు. రెండవది అదే సంస్థ 2013లో అమ్మకమునకు తెచ్చిన ఎఫ్-టైపు. ప్రశ్న చిన్నదే. కాని సమాధానము ఒక్క మాటలో చెప్పదగినది కాదు. నేటి ప్రసంగము ఆ సమాధానమే.

సామాన్యముగా కారు మనుష్యులను, సామానును ఒకచోటి నుండి మరియొక చోటికి చేర్చుటకు పుట్టినది. స్పోర్ట్సు కారు ధ్యేయము వేరు. దానిలో చేరవలసిన చోటు కన్న చేరు విధము ముఖ్యము. ఇద్దరు కూర్చుండుటకు చోటు, నేలకు దగ్గరగా నుండు శరీరము, బలమైన ఇంజను, మలుపులలో చేతికి వెంటనే లొంగు చక్రములు దాని లక్షణములు. ఈ-టైపు ఆ జాతిలో మిక్కిలి పేరు పొందిన వాహనము. దానిని 1961 మార్చి నెలలో జినీవా మోటారు ప్రదర్శనలో లోకమునకు చూపినారు. ఒక కారును చూచుటకే జనము విరగబడగా, ఇంగ్లండులోని కోవెంట్రీలో నున్న మరియొక కారును వెంటనే తెప్పింపవలసి వచ్చినది. సంస్థలో వాహనములను పరీక్షించు నార్మన్ డ్యూయిస్ రాత్రంతయు నడిపి దానిని జినీవా చేర్చినాడు.

ఆ రూపమునకు ముఖ్య కర్త మాల్కం సేయర్. ఆయన అంతకు ముందు బ్రిస్టల్ విమాన నిర్మాణ సంస్థలో పనిచేసిన గాలి శాస్త్ర నిపుణుడు. చూపునకు నచ్చిన వంపును గీయుటకు బదులు, గణితముతో లెక్కించి ఒక్కొక్క వంపును గీసినాడు. 1955, 1956, 1957 సంవత్సరములలో వరుసగా మూడుసార్లు ఫ్రాన్సులోని లె మాన్ పందెము గెలిచిన డి-టైపు కారు కూడ ఆయన తీర్చిన రూపమే. ఆ పందెపు బండి నుండి ఈ-టైపునకు నిర్మాణ పద్ధతియు సంక్రమించినది. మునుపటి కార్లలో వలె క్రింద బరువైన చట్రము, దానిపై శరీరము అను పద్ధతిని విడిచి, మధ్యభాగమును గుడ్డు పెంకు వలె తనంత తానే బలముగా నిలుచు ఉక్కు డొల్లగా చేసినారు. దాని ముందు గొట్టములతో అల్లిన చట్రములో ఇంజనును అమర్చినారు. అందుచేత బరువు తగ్గినది, బిగువు పెరిగినది.

ఇంజను ఆరు సిలిండర్లది, 3.8 లీటర్లది. సంస్థ ప్రకటించిన శక్తి 265 అశ్వశక్తులు. నిలుకడ నుండి గంటకు 60 మైళ్ల వేగమును, అనగా సుమారు 97 కిలోమీటర్ల వేగమును, ఏడు సెకన్లలో అందుకొనుట ఆనాటికి అద్భుతము. నాలుగు చక్రములకు డిస్కు బ్రేకులుండెను. వెనుక చక్రములు రెండును విడివిడిగా కదలుచు రోడ్డును పట్టుకొనుచుండెను. ఇంత జేసియు బ్రిటనులో దాని ధర సుమారు 2,100 పౌండ్లే. ఇంచుమించు అదే వేగము గల ఆస్టన్ మార్టిన్ కారునకు దాదాపు రెండింతల ధర పెట్టవలసి యుండెను. ఆ సౌందర్యమునకు కాలమును లోబడలేదు. 1996లో న్యూయార్కు ఆధునిక కళా ప్రదర్శనశాల ఒక ఈ-టైపును తన సేకరణలో చేర్చుకొన్నది.

ఐతే పాతదంతయు బంగారమని భ్రమింపరాదు. గంటకు 150 మైళ్ల వేగమన్న ఖ్యాతి పత్రికల పరీక్షలకు శ్రద్ధగా సిద్ధపరచి ఇచ్చిన కార్ల వలన వచ్చినది. అంగడిలో కొన్నవి సామాన్యముగా అంత వేగమును అందుకొనలేదు. ఆ 265 అశ్వశక్తులును, ఇంజనుపై పడు ఇతర భారములను తొలగించి కొలిచిన లెక్క. గేర్ల పెట్టె మొండిది. మొదటి గేరును కదలుచుండగా వేయుటకు గొప్ప నేర్పు కావలెను. బ్రేకులు గట్టిగా నొక్కిననే గాని పలికెడివి కావు. తొలి కార్లలో కాళ్లు చాపుటకు చోటు చాలక, 1962లో అడుగుభాగమును పల్లముగా మార్చవలసి వచ్చినది. 1964లో 4.2 లీటర్ల ఇంజనుతో పాటు మెరుగైన గేర్లు, బ్రేకులు వచ్చిన తరువాతనే ఈ బాధలు చాలవరకు తీరినవి. 1971లో పండ్రెండు సిలిండర్ల ఇంజను చేరినది. 1974లో నిర్మాణము ముగిసినది.

ఇక రెండవ బొమ్మకు వత్తము. ఈ నడుమ జాగ్వార్ సంస్థ చేతులు మారినది. అమెరికా ఫోర్డు సంస్థ యాజమాన్యము నుండి 2008లో మన దేశపు టాటా మోటార్సు వారి చేతికి వచ్చినది. ఇయాన్ కాలమ్ నాయకత్వమున రూపొందిన ఎఫ్-టైపు ఆ భారతీయ యాజమాన్యములో, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగర ప్రాంతమున తయారైనది. దాని నిర్మాణము 2024లో ముగిసినది.

రెంటిని పక్కపక్కన నిలిపినచో మొదట కనబడు వింత కొలతలలో నున్నది. పొడవులో రెండును దాదాపు సమానమే. నాలుగున్నర మీటర్లకు కొంచెము తక్కువ. వెడల్పులో మాత్రము ఈ-టైపు 1.66 మీటర్లు, ఎఫ్-టైపు 1.92 మీటర్లు. జానెడు కన్న ఎక్కువ వ్యత్యాసము! భారములోను అంతే. ఈ-టైపు 1,200 కిలోలకు కొంచెము పైన తూగును. ఎఫ్-టైపు శరీరము తేలికైన అల్యూమినియముతో చేసినదే. ఐనను చిన్న ఇంజను గల రకము సయితము 1,500 కిలోలు దాటును. ఉక్కు బండి తేలిక, అల్యూమినియము బండి బరువు అగుట విచిత్రము గదా!

ఆ అధిక భారము ఎక్కడ నుండి వచ్చినది? ప్రక్క నుండి మరియొక వాహనము గ్రుద్దినచో తట్టుకొను దళసరి తలుపులు, తాకిడిని తాము మ్రింగి మనిషిని కాపాడు ముందు వెనుక భాగములు, గాలిసంచులు, శీతల యంత్రము, వెడల్పైన టైర్లు, వాటికి తగిన పెద్ద బ్రేకులు, డజన్ల కొలది విద్యుత్ సాధనములు. 1961 నాటి ఈ-టైపులో సీటు పట్టీ కూడ కోరి పెట్టించుకొనవలసినదే. ఈ మూడు వందల కిలోలలో అధిక భాగము ప్రాణరక్షణకును, సౌఖ్యమునకును చెల్లించిన మూల్యము. దానిని వృథా అనుటకు నాకు నోరు రాదు.

ఇంజను విషయములో ఆశ్చర్యము మరింత. 2017లో ఎఫ్-టైపునకు రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజను వచ్చినది. పరిమాణములో ఈ-టైపు ఇంజనుకు కొంచెము మించి సగము. శక్తి మాత్రము 300 అశ్వశక్తులు, అదియు నికరమైన లెక్క. ఇంజను నుండి పోవు పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పును. ఆ చక్రము బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోనికి పంపును. గాలి ఎక్కువైన కొలది పెట్రోలు ఎక్కువ మండును, శక్తి ఎక్కువగును. ఆ పెట్రోలు బొట్టు ఎప్పుడు, ఎంత పడవలెనో ఒక గణన యంత్రము క్షణక్షణము లెక్కించును. అందుచేత ఇంత బరువుతోను ఆ కారు 60 మైళ్ల వేగమును సుమారు ఐదున్నర సెకన్లలో అందుకొనును.

వేగమందుకొనుట కన్న నిలుచుట ముఖ్యము. పాత కారులో బ్రేకును అదాటున త్రొక్కినచో చక్రములు బిగిసి, బండి జారిపోవును. బిగిసిన చక్రము ఎటు త్రిప్పినను తిరుగదు. నేర్పరి అగువాడు కాలితో నొక్కుచు వదలుచు ఆ బిగువును తప్పించెడివాడు. నేడు ఆ పని యంత్రము చేయును, మనిషి పాదము కన్న ఎన్నో రెట్లు వేగముగా చేయును. అదే విధముగా తడి మలుపులో వెనుక భాగము ప్రక్కకు జారబోయినచో, స్టీరింగు చూపు దిక్కునకును బండి పోవు దిక్కునకును గల తేడాను యంత్రము కనిపెట్టి, కావలసిన ఒక్క చక్రమునకు మాత్రము బ్రేకు వేసి బండిని దారిలో పెట్టును. జరిగినదేమో నడుపువానికి తెలియకయే పోవచ్చును. అశ్వహృదయము ఏమైనదని అడిగితిమి కదా! అది సారథిని విడిచి రథములోనే ప్రవేశించినది.

రూపములో సయితము ఒక నీతి దాగియున్నది. ఈ-టైపు పొడవాటి ముందు భాగము అంత పల్లముగా నుండుటయే దాని అందము. కాని ప్రమాదవశమున పాదచారి దానిపై పడినచో, పలుచని రేకు క్రిందనే ఇనుప ఇంజను తలకు తగులును. అమెరికాలో 1966లో వచ్చిన వాహన భద్రతా చట్టమును అనుసరించి నిబంధనలు బిగియగా, ఈ-టైపు దీపముల మీది గాజు కప్పులు తొలగిపోయినవి, దీపములు పెద్దవైనవి. తదుపరి కాలములో ఐరోపా నిబంధనలు పాదచారిని గూడ లెక్కలోనికి తీసికొన్నవి. ఎఫ్-టైపు ముందు భాగములో మనిషి తాకిడిని పసిగట్టు సాధనములున్నవి. తాకిన క్షణమున రేకు పైకి లేచి, ఇంజనుకును తలకును నడుమ కొంత ఎడము కల్పించును. రోడ్డు మీద నడచు అనామకుని కొరకు వంపు మార్చుకొన్న అందమును నేను తక్కువ అందమనలేను.

ధ్వనితో బ్రదుకు వారము కనుక ధ్వనిని గురించియు ఒక మాట. ఈ-టైపు శబ్దము ఇంజను చేయు పనికి ప్రతిధ్వని. గేరు ఎప్పుడు మార్చవలెనో దానిని వినియే తెలిసికొనెడివారు. ఎఫ్-టైపులో పొగ గొట్టములకు కవాటములున్నవి. చాల రకములలో ఒక మీట నొక్కినచో శబ్దము గర్జనగా మారును. వినుట కింపుగా నుండును గాని, మొదటిది సంభాషణ, రెండవది అలంకారము.

ఇన్ని మారగా మారనిది ఒకటి యున్నది. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు పోవును. ఎదుట ఒక పిల్లవాడు అడ్డు వచ్చుట కంట బడి, మనస్సునకు తెలిసి, పాదము బ్రేకును చేరుటకు సుమారు ఒక సెకను పట్టును. 1961లోను అంతే, నేడును అంతే. వేగము రెండింతలైనచో తాకిడి శక్తి నాలుగింతలగును. ఒకే వేగమున బరువైన ఎఫ్-టైపు మోయు శక్తి ఈ-టైపు శక్తి కన్న దాదాపు పావు వంతు అధికము. పాత కారులో 100 కిలోమీటర్ల వేగము గాలి హోరుతో, చేతిలో స్టీరింగు వణకుతో తన్ను తాను చాటుకొనెడిది. క్రొత్త కారులో అదే వేగము పడక గది వలె నెమ్మదిగా నుండును. అపాయము తగ్గినది నిజమే. కాని మిగిలిన అపాయము మాట్లాడుట మానినది. లోపల కూర్చున్నవానికి పట్టీ, గాలిసంచి ఉన్నవి. బయట నున్నవానికి మొదటి రక్షణ నేటికిని సారథి వివేకమే.

కనుక మావానికి నేను చెప్పిన సమాధానమిది. కొలతలన్నిటను రెండవదే మంచి కారు. కన్నబిడ్డను దూరము పంపవలసి వచ్చినచో ఏ తండ్రియైనను దానిలోనే పంపును. మొదటిది మంచి గురువు. చేసిన తప్పును వెంటనే, కఠినముగా చూపెడి గురువు. ఆ గురువు వద్ద నేర్చిన భయభక్తులతో ఈ రెండవ బండిని నడుపువాడే నిజమైన సారథి.

"ఐతే రెండును కొందమా?" అని వాడు నవ్వినాడు. రెండును మా ఇంటి లెక్కలకు అందనివే. మా ఇంట నున్న చిన్న కారు తాళముచెవి వాని చేతిలో పెట్టి, ముందు దీని హృదయము తెలిసికొమ్మని చెప్పినాను.