మీకు తెలుసా? కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సర్ పోయినట్టు కాదు

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్‌లోని ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా స్తంభం నీడ ఒకటి నిలిచి కనిపిస్తుంది. చూడగానే ఒక స్తంభానిదే అనిపించే ఆ నీడ వెనుక పలు స్తంభాల పాత్ర ఉంది. కారు ఇంజిన్ లైటు సంగతీ అంతే. స్కానర్‌లో పి0118 కోడ్ రాగానే చాలామంది కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ మార్చేస్తారు. నిజానికి ఆ సర్క్యూట్‌లో వోల్టేజి ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉందని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. సెన్సర్ చెడినా, వైరు తెగినా, సాకెట్ పిన్నుకు చిలుము పట్టినా ఈసీయూకి (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కి) ఒకేలా కనిపిస్తుంది.

పానగల్ మే ఎండలో నిలిపిన కారుకు స్కానర్ కూలెంట్ ఉష్ణోగ్రతను మైనస్ 40 డిగ్రీలుగా చూపిస్తోందంటే, ఎక్కడో కనెక్షన్ తెగిందన్నమాట. రెండు వైర్ల సెన్సర్ అయితే ఇగ్నిషన్ ఆపి, సాకెట్ ఊడదీసి, దాని రెండు పిన్నులను చిన్న వైరుతో కలిపి, మళ్లీ ఆన్ చేయాలి. రీడింగ్ ఒక్కసారిగా 120 దాటితే వైరింగ్ బాగున్నట్టే, లోపం సెన్సర్ వైపు ఉంది. కదలకపోతే కొత్త సెన్సర్ వేసినా లాభం లేదు. ‘సెన్సర్ చవకే కదా, మార్చి చూస్తే పోలా?’ అనొచ్చు. ఊహ తప్పితే సెన్సర్ ధర, కూలి, కారిన కూలెంట్ అన్నీ వృథా; లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. సెన్సర్లు పాడవవని కాదు. నిజంగా పాడైతే ఆ మాట తేల్చేదీ ఈ పరీక్షే. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో ఎలక్ట్రానిక్ నిఘా ఇంకా పెరిగింది కాబట్టి, గుడ్డిగా మార్చే అలవాటు మరింత ఖరీదవుతుంది.