జొన్నమల్లెను అదుపుచేసే మట్టి జీవులు

పాడి రైతుకు పచ్చిమేత విలువ ఎంతో మళ్లీ చెప్పనక్కరలేదు. దాణా ఖర్చు భరించలేని ఇంట మేత జొన్న, మొక్కజొన్న, చోడి గడ్డి మీదనే పాడి నిలబడుతుంది. అటువంటి చేను నేలలో పదును ఉండగానే వడలిపోయి గిడసబారితే చాలామంది తెగులనో, ఎండ దెబ్బ అనో అనుకుంటారు. ఒకసారి వంగి మొదళ్లు చూడండి. జానెడు ఎత్తున, సన్నని ఆకులతో, తెల్లని చిన్న పూలతో మొక్కలు కనిపిస్తే అది జొన్నమల్లె. శాస్త్రజ్ఞులు దీనిని స్ట్రైగా అంటారు. పొగాకు రైతులు ఎరిగిన పొగాకు మల్లె కూడా ఈ కుటుంబానిదే.

మల్లె వేరు పైరు వేరును అంటిపెట్టుకొని నీటిని, ఆహారాన్ని పీలుస్తుంది. అది నేలపైకి కనిపించేసరికే నష్టం చాలావరకు జరిగిపోతుంది. ఒక్క మొక్క 50,000కు పైగా విత్తనాలు రాల్చగలదు. దుమ్ములాంటి ఆ విత్తనాలు నేలలో 10 సంవత్సరాలకు పైగా చావకుండా ఉండగలవు.

పైరు పిలుపు అందితేనే ఈ విత్తనం మొలుస్తుంది. పైరు వేళ్లనుండి ఊరే ఒక రసాయనమే ఆ పిలుపు. 1966లో దీనిని పత్తి వేళ్లనుండి వేరుచేసి స్ట్రైగాల్ అని పేరుపెట్టారు. పైరు తన శత్రువును తానే ఎందుకు పిలుస్తుంది? దీనికి జవాబు 2005లో జపాను శాస్త్రజ్ఞులు చెప్పారు. భాస్వరం చాలని పైరు, వేళ్లలో చేరి భాస్వరం తెచ్చిపెట్టే మేలైన శిలీంధ్రాన్ని ఇలా పిలుచుకుంటుంది. చుట్టానికి చేసిన కబురు విని దొంగ వస్తున్నాడన్నమాట.

మట్టిలోని సూక్ష్మజీవులు ఈ దొంగను పలు విధాల అడ్డగించగలవు. మేలైన శిలీంధ్రం పైరుకు భాస్వరం అందించినప్పుడు పిలుపు తగ్గుతుంది. కొన్ని బాక్టీరియాలు విడిచే ఎథిలీన్ వాయువుకు మల్లె విత్తనం మోసపోయి, పైరు లేనప్పుడే మొలిచి చస్తుంది. కొన్ని జీవులు, మల్లె వేరు అతుక్కోవడానికి కావలసిన రసాయనాలను విరిచివేస్తాయనీ, జొన్న వేరులో బెండువంటి పొరను గట్టిపరుస్తాయనీ 2024లో ప్రచురితమైన పరిశోధన చూపింది. కెన్యాలో మల్లెకు మాత్రమే తెగులు కలిగించే ఫ్యుజేరియం శిలీంధ్రాన్ని వండిన అన్నం మీద పెంచి, మొక్కజొన్న విత్తేటప్పుడు విత్తనంతో పాటు వేస్తున్నారు.

ఇందులో మన సంఘాల బాధ్యత ఒకటి ఉన్నది. విత్తనం పట్టిన మల్లె మేతలో కలిసి పశువు కడుపులోకి పోతే, కొన్ని విత్తనాలు చావకుండా పేడలో బయటికి వస్తాయి. ఆ పేడను పచ్చిగా చేనుకు తోలితే మన బండే మల్లెను ఊరంతా చల్లుతుంది. అదే పేడ బాగా చివికి గత్తమైతే మట్టి జీవులకు అంతకంటే మంచి తిండి లేదు. శత్రువును మోసేదీ, మిత్రులను పోషించేదీ ఒక్క పెంటకుప్పే. తేడా మనం దానిని చూసుకునే తీరులో ఉన్నది.

కాబట్టి సభ్యులు ఈ పనులు చేయాలని కోరుతున్నాము.

1. మల్లెను పూత రాకముందే పీకండి. పూత, కాయ ఉన్నవాటిని పశువులకు వేయవద్దు, గట్టు మీద పడవేయవద్దు, కాల్చివేయండి.

2. పేడను గోతిలో తడిగా ఉంచి, లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుట్టేలా కుప్పవేసి, మధ్యమధ్య తిరగవేయండి. కనీసం 3 నెలలు మాగనిచ్చి చేనుకు తోలండి.

3. మల్లె ఉన్న చేనిలో ఒక పంట బొబ్బర్లు గాని, వేరుశనగ గాని వేయండి. వీటి వేళ్లు మల్లెను మొలిపిస్తాయి కాని తిండి పెట్టవు. బొబ్బర్ల తీగ పశువులకు మంచి మేత.

4. ఆకలిగొన్న పైరే ఎక్కువ పిలుస్తుంది. నత్రజని, భాస్వరం తగుమాత్రం వేయండి. ఈ రెండు ఎరువులకూ మన విశాఖ పేరు మోసినదే. 1967 నుండి కోరమాండల్ కర్మాగారం భాస్వరపు ఎరువులు తయారుచేస్తున్నది. ఉక్కు కర్మాగారంలో బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు వచ్చే అమ్మోనియాతో చేసిన అమ్మోనియం సల్ఫేటు 'పుష్కల' పేరుతో రైతులకు చేరింది.

5. మట్టి జీవుల మందని ఎవరైనా సీసా చూపితే వెంటనే కొనవద్దు. ఒక నేలలో పనిచేసిన జీవి మరొక నేలలో నిలవకపోవచ్చు. ముందుగా అనకాపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానం వారిని అడగండి.

ఒక్క రైతు పీకి, పక్క రైతు వదిలివేస్తే ప్రయోజనం లేదు. గాలి, వాన నీరు, పశువుల గిట్టలు గట్టు చూసి ఆగవు. వచ్చే సంఘ సమావేశంలో పాల లెక్కలతో పాటు పెంటకుప్పల మాట కూడా ఎత్తండి.