నాలుగు కుండీల పెరడు

"మా ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. బాల్కనీ ఎనిమిదడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. నాకు రక్తం తక్కువగా ఉందన్నారు. కుండీలలో ఆకుకూరలు పెంచుకుని తింటే సరిపోతుందా? మాత్రలు మానేయవచ్చా?" ఈమధ్య గృహిణుల నుంచి ఇలాంటి ప్రశ్నలు తరచుగా వస్తున్నాయి.

కుండీలు తప్పకుండా పెట్టుకోండి. మాత్రలు మాత్రం మానకండి.

రక్తహీనత మన ఇళ్ళలో ఎంతగా పాతుకుపోయిందో చాలామందికి తెలియదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలను పరీక్షిస్తే ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 59 మందికి, తెలంగాణలో సుమారు 58 మందికి ఇది ఉన్నట్టు తేలింది. ఆకుకూరలలో ఇనుము ఉన్న మాట నిజమే కాని, మన పేగులు అందులో కొద్ది భాగాన్నే గ్రహించగలవు. హిమోగ్లోబిన్ 8కి పడిపోయిన మనిషి తోటకూర తిని 12కి ఎక్కుతానంటే, అది ఎప్పటికయ్యేను? డాక్టరు రాసిన ఇనుము మాత్రలు చెప్పినన్నాళ్ళు వేసుకోవలసిందే.

అయితే ఆకుకూర తినడం దేనికి? ఫోలిక్ ఆమ్లం కోసం, కంటికి మేలుచేసే ఎ విటమిను కోసం, మలబద్ధకం రాకుండా చూసే పీచు కోసం. కూరమీద కాస్త నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము మరికొంత వంటబడుతుంది. భోజనం ముగియగానే కాఫీయో, టీయో తాగితే ఆ కాస్తా పోతుంది. ఒక గంట ఆగండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు రోజుకు మనిషికి 100 గ్రాముల ఆకుకూర తినమంటారు. మీ బాల్కనీ ఇంటిల్లిపాదికీ రోజూ అంత ఇవ్వదు. వారానికి ఒకటి రెండు పూటలు పప్పులోకి ఇస్తుంది, కొత్తిమీర, పుదీనా కొనే పని తప్పిస్తుంది. బజారు నుంచి తెచ్చిన తోటకూరను కంచం అంచుకు నెట్టేసే పిల్లవాడు, తాను నీళ్ళు పోసి పెంచిన తోటకూరను మారుమాటాడకుండా తింటాడు. నాకు తెలిసినంతలో ఈ పెరడు చేసే పెద్ద ఉపకారం ఇదే.

మొదట ఎండ చూసుకోండి. రోజుకు మూడు నాలుగు గంటలు ఎండ తగిలితే ఆకుకూరలు వస్తాయి. టమాటో, పచ్చిమిర్చి కావాలంటే ఆరు గంటలైనా కావాలి. నీడపట్టునైతే పుదీనాతో సరిపెట్టుకోవాలి. ఆకుకూరలకు ఏడెనిమిది అంగుళాల లోతున్న తొట్టె చాలు, మిర్చికి, టమాటోకు అడుగు లోతుండాలి. మట్టికుండీయే కానక్కరలేదు. పగిలిన ప్లాస్టిక్ బకెట్టూ, బియ్యం సంచీ పనికొస్తాయి. పురుగుమందుల డబ్బాలు మాత్రం ఎన్ని సార్లు కడిగినా వాడకూడదు. పాత రంగుల డబ్బాలూ అంతే, వాటిలో సీసం ఉండవచ్చు. దేనికైనా అడుగున చిల్లులుండాలి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు, ఒక గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. పచ్చిపేడ వద్దు. అందులో రోగక్రిములుంటాయి, వేళ్ళనూ మాడ్చేస్తుంది.

తోటకూర విత్తనాలు మరీ సన్నం కనుక కాస్త ఇసుకలో కలిపి చల్లండి, నెలలోపే కోతకు వస్తుంది. మెంతులు వంటింటి డబ్బాలోవే చాలు. ధనియాలను నలిపి రెండు బద్దలుగా చేసి వేయాలి. పుదీనా, బచ్చలి కాడ గుచ్చినా బతుకుతాయి.

ఇక అసలు భయపడవలసిన విషయానికి వద్దాం. ఒక అపార్టుమెంటులో ఒకే వరుసలో ఉన్న మూడు ఇళ్ళలో డెంగీ జ్వరాలు వచ్చాయంటే చూడబోయాం. అందరూ వీధిలోని మురుగుకాలువను చూపించారు. కాని డెంగీ దోమకు మురుగు గిట్టదు, మంచినీళ్ళే కావాలి. మొదటి అంతస్తు బాల్కనీలో కుండీల కింద పెట్టిన పళ్ళాలలోనూ, గదిలో అందంగా అమర్చిన మనీప్లాంటు సీసాలోనూ దాని పిల్లపురుగులు తోకలాడిస్తూ తిరుగుతున్నాయి. ఆ ఇంటివారు శుభ్రతకు పెట్టింది పేరు!

ఈ దోమ పగటిపూట కుడుతుంది, ఎక్కువ దూరం ఎగరదు. అంటే మీ పళ్ళెంలో పుట్టినది మిమ్మల్నో, పక్కింటివారినో కుడుతుందన్నమాట. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. కనుక వారానికొక రోజు, అది ఏ రోజైనా సరే, పళ్ళాలన్నీ బోర్లించాలి. ఒక్క నీళ్ళు పారబోస్తే చాలదు. గుడ్లు పళ్ళెం గోడకు అతుక్కుని, ఎండిపోయినా నెలల తరబడి చావకుండా ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. పీచు పెట్టి గట్టిగా తోమండి. అంత ఓపిక లేనివారు పళ్ళెం నిండా ఇసుక పోయండి, లేదా పళ్ళేలే మానేయండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోవద్దు. జ్వరం తగ్గుముఖం పట్టిన రోజుల్లో తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మత్తు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

రెండో ప్రమాదం మనకు తట్టనిది. కటకటాల పక్కన వరుసగా పెట్టిన కుండీలు మూడేళ్ళ పిల్లవాడికి మెట్లు. ఎక్కి తొంగిచూస్తాడు. చిన్నపిల్లలున్న ఇళ్ళలో పెద్ద కుండీలను ఇంటిగోడ వైపే ఉంచండి. పిట్టగోడ మీద ఎవరి ఇంటా పెట్టకూడదు, కింద నడిచేవారి తల గతేమిటి? తడిమట్టితో అడుగు కుండీ ఒకటి 20 కిలోలు దాటుతుంది. పది పన్నెండు పెట్టదలిస్తే పాత భవనాలలో ఇంజనీరు నడగడం మంచిది. నడుమునొప్పి ఉన్నవారు వాటిని ఒంటరిగా జరపవద్దు.

మట్టిపని చేసేవారు ధనుర్వాతం టీకా పదేళ్ళకొకసారి వేయించుకుని ఉండాలి. ముల్లు గుచ్చుకున్నా నిర్లక్ష్యం పనికిరాదు. గర్భిణీలు చేతికి తొడుగులు లేకుండా మట్టి ముట్టవద్దు. పిల్లులు మలవిసర్జన చేసిన మట్టిలో కడుపులోని బిడ్డకు హానిచేసే పరాన్నజీవి ఉండవచ్చు. గుండె కవాటం మార్చుకుని రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందు వాడేవారు ఆకుకూర మానక్కరలేదు కాని, ఒక వారం బొత్తిగా మానేసి మరో వారం రోజూ తింటే మందు మోతాదు తారుమారవుతుంది. ఆక్సలేటు రాళ్ళు పడే శరీరతత్వం గలవారు పాలకూరకు బదులు మెంతికూర వేసుకోవచ్చు.

చీడ పడితే నీళ్ళలో కాస్త వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి కొట్టండి. తినే ఆకుమీద బజారు పురుగుమందు ఎందుకు? ఇంటి ఆకే కదా అని కడగకుండా వండవద్దు, పావురాలు బాల్కనీకి రాకుండా ఉండవు. తోటకూర, గోంగూర తొలకరితో మొదలుపెట్టవచ్చు. కొత్తిమీర, మెంతి, పాలకూర మాత్రం అక్టోబరు తరువాత చల్లబడ్డాక వేస్తేనే బాగా వస్తాయి.