విడిచివచ్చిన యింటికి చేరు తాఖీదు

ఇంగ్లండులో కొంతకాలము చదువో, ఉద్యోగమో, వైద్యవృత్తియో సాగించి, సామాను సర్దుకొని, అద్దె యింటి తాళములు యజమానికి అప్పగించి, స్వదేశమునకో అమెరికాకో ఆస్ట్రేలియాకో తరలిపోవు తెలుగువారి వెంట వారికి తెలియకయే కొన్ని చిన్న బాకీలు మిగిలిపోవుచుండును. గ్యాసు బిల్లును, కరెంటు బిల్లును, కౌన్సిలు పన్నును జ్ఞాపకముంచుకొని తీర్చిపోవువారు సైతము, ప్రయాణమునకు వారము ముందు ఏ సూపర్‌మార్కెట్ ఆవరణలోనో అనుమతించిన వేళకు మించి కారు నిలిపియుంచిన సంగతిని మరచుట సహజము. ఆ ఆవరణ ద్వారముననున్న కెమెరా మాత్రము మరువదు. కారు వచ్చిన వేళను, వెడలిన వేళను, నంబరు ప్లేటుతో సహా అది నమోదు చేసి, ఆ స్థలమును నిర్వహించు ప్రైవేటు కంపెనీకి అందజేయును. వంద పౌండ్లు చెల్లింపవలసినదని ఆ కంపెనీ పంపిన తాఖీదు, గ్రహీత హైదరాబాదులోనో విజయవాడలోనో కాపురము పెట్టిన పిమ్మట, అతడు విడిచివచ్చిన యింటి తలుపు సందున పడును.

మొదట ఈ తాఖీదు స్వభావమును గుర్తింపవలెను. వీథులలోను, కౌన్సిలువారి పార్కింగు స్థలములలోను విధింపబడునది 2004 నాటి ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ చట్టము ననుసరించిన అధికారిక దండనము. దాని వసూలు మార్గము వేరు, అప్పీలు వినెడి ట్రిబ్యునలు వేరు. ప్రైవేటు కంపెనీ కోరునది అట్టిది కాదు. స్థలములో బోర్డు మీద వ్రాసిన షరతులకు లోబడి కారు నిలిపినవాడు ఆ షరతులను అతిక్రమించెను గనుక, ఒడంబడిక ప్రకారము తమకు రావలసినదని వారు చెప్పుకొను సొమ్ము మాత్రమే యిది. కావున ఇందు నేరము లేదు, పోలీసుల ప్రమేయము లేదు, దీని నిమిత్తము విమానాశ్రయమున నెవ్వరును అడ్డగింపరు. చూపునకు మాత్రము ఆ రెండు కాగితములును కవలపిల్లలవలె నుండును; రెండింటిని పి.సి.ఎన్. అనియే పిలుతురు. ఆ పోలిక యాదృచ్ఛికమని నమ్ముట నాకు కష్టము.

ఇట్టి కాగితమును చించి చెత్తబుట్టలో వేసిన చాలునని చెప్పు మిత్రులు మనవారిలో ఇప్పటికిని కలరు. ఆ సలహాకు ఒకప్పుడు ఆధారము లేకపోలేదు. ఒడంబడిక కారు నడిపినవానితో గాని కారు ఎవరి పేర నున్నదో వారితో కాదు. నడిపినవాడెవడో కంపెనీకి తెలియదు. తెలుపవలసిన విధి రిజిస్టరైన వ్యక్తికి లేదు. 2012 అక్టోబరు 1వ తేదీన ఈ స్థితి మారినది. ప్రైవేటు స్థలములలో కార్ల చక్రములకు ఇనుప బిగింపులు వేయుటను ఇంగ్లండు, వేల్సులలో నిషేధించిన ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టము, ఆ ఆయుధమును కోల్పోయిన కంపెనీలకు మారుగా మరియొకటి నిచ్చినది. నడిపినవాని పేరును, చిరునామాను తెలుపనిచో, కారు ఎవరి పేర నున్నదో వారినుండియే సొమ్ము రాబట్టుకొనవచ్చునని దాని 4వ షెడ్యూలు శాసించుచున్నది. స్కాట్లండునకు, ఉత్తర ఐర్లండునకు ఈ షెడ్యూలు వర్తింపదు.

నష్టమేమియు జరుగకయే ఇంత సొమ్ము కోరుట అక్రమదండనము గదా యను వాదమొకటి మిగిలియుండెను. చెల్మ్స్‌ఫర్డ్ పట్టణములో రెండు గంటలు ఉచితముగా కారు నిలుపుకొననిచ్చు ఒక అంగళ్ల ఆవరణలో 56 నిమిషములు అధికముగా నుంచినందులకు 85 పౌండ్లు కోరగా, బ్యారీ బీవిస్ అను నాతడు ఆ వాదమునే పట్టుకొని సుప్రీంకోర్టు వరకు పోయెను. 2015 నవంబరు 4న, ఏడుగురు న్యాయమూర్తులలో ఒక్కరు తప్ప తక్కినవారందరు ఆతనికి ప్రతికూలముగా తీర్పు చెప్పిరి. వచ్చిపోవువారికందరికి స్థలము చాలునట్లు చూచుటలో కంపెనీకి న్యాయమైన ప్రయోజనము కలదనియు, ఆ మొత్తము అమితము కాదనియు వారి నిర్ణయము. నాటినుండి చెత్తబుట్ట సలహా ప్రమాదకరమైనది.

కారు ఎవరిదో కంపెనీకి తెలియుట కష్టము కాదు. స్వాన్సీ నగరమున నున్న డి.వి.ఎల్.ఏ. అను ప్రభుత్వ కార్యాలయము, గుర్తింపు పొందిన రెండు సంఘములలో ఒకదానియందు సభ్యత్వమున్న ప్రతి కంపెనీకిని, 2.50 పౌండ్ల రుసుముపై పేరును చిరునామాను అందించును. ఏటా కోటికి పైగా ఇట్టి వివరములు ఈ విధముగా చేతులు మారుచున్నవి. ఆ కార్యాలయపు పుస్తకములో నున్నది మన పాత చిరునామాయే గనుక, తాఖీదులు అచటికే పోవును. రిజిస్టరులోని ఆ చిరునామాకు పంపిన చాలునని 4వ షెడ్యూలు సైతము అంగీకరించుచున్నది. అద్దము మీద చీటీ అతికింపక కెమెరా ఆధారముగా పంపునట్టిదైనచో, అది 14 దినములలోపల చేరవలెను. జాగైనచో ఆ షెడ్యూలు ననుసరించి కారు యజమాని బాధ్యుడు కాడు.

నన్నడిగిన, పార్కింగు సొమ్ము ఈ కథలో అల్పభాగము. భయపడవలసినది దాని తరువాతి మెట్లకు. సామాన్యముగా 100 పౌండ్లకు మించని ఆ మొత్తము 14 దినములలో చెల్లించినచో 60కి తగ్గును. చెల్లింపనిచో గుర్తుచేయు లేఖలు వచ్చును, పిదప బాకీ వసూలు సంస్థల ఉత్తరములు ఎఱ్ఱని అక్షరములతో వచ్చును, వానితో మరి 70 పౌండ్ల వరకు చేరును. ఆ సంస్థలకు కోర్టు అమీనాల అధికారము లేశమును లేదు. ఇంటికి వచ్చి వస్తువు ముట్టుకొనలేరు. వాని భాష నటనమే యని తెలిసినవారు నిర్లక్ష్యము చేయుదురు, అందులో తప్పు లేదు. అయితే వాని వెనుక వచ్చు రెండు కాగితములు నటనము కావు. దావా వేయుటకు ముందు 30 దినముల గడువిచ్చి పంపు నోటీసు మొదటిది. కౌంటీ కోర్టు పంపు దావా పత్రము రెండవది. ఆ రెండవదానికి 14 దినములలో బదులు పంపవలెను, అందినట్లు తెలిపి గడువు కోరినచో జవాబుదావాకు 28 దినములు దొరకును. పాత యింట క్రొత్తగా దిగిన కుటుంబము ఆ కవరును తెరువక మూల పడవేసినచో, ఈ గడువులు ఎవరికిని తెలియకయే గడచిపోవును. అంతట కోర్టు విచారణ లేకయే ఏకపక్షపు తీర్పు ఇచ్చును. ప్రతివాది నివసించినట్లు తెలిసిన కడపటి చిరునామాకు పంపిన దావా పత్రము అందినట్లే లెక్కయని ఆ దేశపు సివిల్ నిబంధనలు చెప్పుచున్నవి.

ఇచటనే ఒక సూక్ష్మమున్నది. ప్రతివాది ఆ యింట లేడని నమ్ముటకు వాదికి కారణమున్నచో, ప్రస్తుత నివాసమును కనుగొనుటకు తగిన ప్రయత్నము చేయవలెనని అదే నిబంధన శాసించుచున్నది. కావున, "నేనా యిల్లు విడిచితిని, నా ప్రస్తుత నివాసము ఇది, ఇకపై ఉత్తరములు ఇచటికి పంపుడు" అని కంపెనీకి ఒక ఈమెయిలు వ్రాసి, దాని ప్రతిని భద్రపరచుకొన్నవాని స్థితి, మౌనము దాల్చినవాని స్థితికంటె ఎంతయో మేలు. చిరునామా తెలిపిన వెంటబడుదురని భయపడువారు తలక్రిందులుగా ఆలోచించుచున్నారు. అంతర్జాలము ద్వారా చౌకగా దావా వేయు పద్ధతి, ఇంగ్లండు వేల్సులలో చిరునామా కలిగిన ప్రతివాదుల మీదనే చెల్లును. విదేశమున నున్నవానిపై వ్యాజ్యమునకు శ్రమయు వ్యయమును అధికము. వంద పౌండ్లకై ఆ శ్రమకు పూనుకొనుటకు లాభము మీద దృష్టి గల కంపెనీ ఇష్టపడునా యన్నది పాఠకులే ఊహింపవచ్చును.

తాఖీదులోని కోరిక అన్యాయమని తోచినచో కంపెనీకే ముందు అభ్యంతరము వ్రాయవలెను. త్రోసిపుచ్చినచో, ఏ సంఘ సభ్యత్వమున్న కంపెనీ యనుదానిని బట్టి, పోప్లా యను సంస్థకో ఐ.ఏ.ఎస్. అను సంస్థకో అప్పీలు పోవచ్చును. పోప్లాకు 28 దినముల గడువు కలదు, రుసుము లేదు. కారు నిలుపు గడువు ముగిసినపిమ్మట వెడలిపోవుటకు పది నిమిషముల వెసులుబాటు ఇయ్యకపోవుట, బోర్డు కానరాకుండుట, తాఖీదు ఆలస్యముగా చేరుట మున్నగునవి పట్టుగల వాదములు. విమానాశ్రయములు, రైల్వే స్థలములు అనేకము ప్రత్యేక ఉపవిధులకు లోబడినవగుటచే వానికి 4వ షెడ్యూలు వర్తింపదు; బంధువును విమానమెక్కించుటకు పోయి తాఖీదు తెచ్చుకొన్నవారు దీనిని గమనింపదగును. షరతు అతిక్రమించిన మాట నిజమైనచో, వాదములు వెదకుటకంటె, 14 దినములలో 60 పౌండ్లు కార్డు ద్వారా చెల్లించి నిశ్చింతగా నుండుట మంచిదని నా మతము.

తీర్పు వెలువడిన సంగతి ఆలస్యముగా తెలిసినవారి పని కష్టతరము. ఆ తీర్పు ఆరేండ్లు కోర్టు తీర్పుల రిజిస్టరులో నిలిచియుండును. మరల ఇంగ్లండు పోయి ఇల్లు కొననెంచినను, అద్దెకు తీసికొననెంచినను, ఫోను కనెక్షను కోరినను అది ఎదురుపడును. నెల లోపల మొత్తము చెల్లించినచో పేరు పూర్తిగా తొలగును. ఆ పిదప చెల్లించినచో చెల్లినట్లు గుర్తు పడునే గాని నమోదు పోదు. తీర్పును రద్దు చేయుమని ఎన్244 అను ఫారముపై కోరవచ్చును. దాని రుసుము మూడువందల పౌండ్లకు పైబడినది. అసలు బాకీకి మూడింతలు! పాత యింటిలో లేనని కంపెనీకి ముందే తెలిపిన ఈమెయిలు ప్రతి ఇట్టి వేళ విలువైన సాక్ష్యమగును. తెలిసిన వెంటనే కోరుట ముఖ్యము; జాగు చేసినవానిని కోర్టు కనికరింపదు.

ఆ తీర్పు భారతదేశమునకు వెంబడించునా యని అడుగువారు గలరు. 1908 నాటి మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 44-ఏ సెక్షను క్రింద బ్రిటను డిక్రీలను మన జిల్లా కోర్టులు నేరుగా అమలు పరుపవచ్చును. కాని ఆ సెక్షను క్రింద వెలువడిన 1953 నాటి ప్రకటనలో పేర్కొనబడినవి హైకోర్టువంటి పైకోర్టులే, కౌంటీ కోర్టులు కావు. కౌంటీ కోర్టు తీర్పు పొందినవాడు దాని నాధారము చేసికొని ఇచట మరల దావా వేయవలెను. అప్పుడు, గుణదోష విచారణ లేని విదేశీ తీర్పును అంగీకరింపని 13వ సెక్షను అడ్డు వచ్చును. సాక్ష్యము విచారింపక ఏకపక్షముగా ఇచ్చిన విదేశీ డిక్రీ గుణదోష విచారణపై ఇచ్చినది కాదని, ఇంటర్నేషనల్ వులెన్ మిల్స్ వ్యాజ్యములో మన సుప్రీంకోర్టు 2001లో స్పష్టీకరించినది. కావున తెలుగు దేశమున స్థిరపడదలచినవారి యింటికి ఈ బాకీకై అమీనా వచ్చుట దాదాపు అసంభవము. తిరిగి పోదలచినవారి సంగతి వేరు. బ్రిటిష్ పౌరసత్వపు దరఖాస్తులో సివిల్ తీర్పులను గూర్చిన ప్రశ్న యున్నది.

ఈ బెడదలో పెక్కు భాగము కారు చేతులు మారిన వేళనే పుట్టును. వెడలిపోవు విద్యార్థి తన పాత కారును తమ్ముని వరుసవానికి ఇచ్చి, "తరువాత మార్పించుకొందువులే" అని విమానమెక్కును, ఆతడు మార్పింపడు, ఆతడు చేసిన ప్రతి అతిక్రమణయు అన్నగారి పేర నమోదగును. కావున ప్రయాణపు సన్నాహములో నున్న పాఠకులకు నా మనవి: కారు అమ్మినను, ఇచ్చినను ఆ దినముననే డి.వి.ఎల్.ఏ. వారికి తెలిపి వారి రసీదును దాచుకొనుడు. కారు మీ పేరనే యుండవలసినచో చిరునామాను మార్పింపుడు, మార్పింపకున్న వెయ్యి పౌండ్ల వరకు జరిమానా కలదు. కొంతకాలము మీ ఉత్తరములు విదేశపు చిరునామాకు మరలునట్లు రాయల్ మెయిల్ వారికి రుసుము చెల్లింపుడు. ఆ యింట దిగువారితో, కోర్టు ముద్ర గల కవరు వచ్చినచో తెరచి ఫోటో పంపుమని ముందే చెప్పి యుంచుడు.