నాలుగు ట్యాంకులు, 16 మంది

ట్యాంకు ఆట అంటే కంటికి కనిపించినదాన్నల్లా పేల్చుకుంటూ పోవడమేనని చాలామంది అనుకుంటారు. 1980లో అటారీ ఆర్కేడ్‌లకు తెచ్చిన ‘బ్యాటిల్‌జోన్’ అచ్చంగా అలాంటిదే. 1989లో మైక్రోప్రోస్ సంస్థ ఇళ్లలోని కంప్యూటర్ల కోసం తయారుచేసిన ‘ఎం1 ట్యాంక్ ప్లటూన్’ దారి వేరు. ఇందులో కాల్చడం కన్నా కాల్పించడమే పెద్ద పని.

అమెరికా సైన్యంలో ట్యాంకు ప్లటూన్ అంటే నాలుగు ట్యాంకులు. ఒక్కో ఎం1 ట్యాంకులో కమాండర్, గన్నర్, డ్రైవర్, గుండ్లు నింపే లోడర్ ఉంటారు. వెరసి 16 మంది మన చేతికింద. కావాలంటే ఏదో ఒక ట్యాంకులో గన్నర్ సీట్లో కూర్చోవచ్చు, లేదా మ్యాపు ముందేసుకుని నాలుగింటినీ నడిపించొచ్చు. గురి చూడటంలో మునిగిపోయామా, మిగతా మూడూ ఏ గుంటలో ఇరుక్కున్నాయో పట్టదు. ఆటలో అసలు కష్టం ఇదే.

అలాగని గన్నర్ సీటు తేలికేం కాదు. లేజర్ దూరం కొలుస్తుంది, దాన్నిబట్టి ఫిరంగిని ఎంత ఎత్తాలో కంప్యూటర్ లెక్కగడుతుంది. గుండు మాత్రం మనమే ఎంచుకోవాలి. ఎదుట ట్యాంకుంటే సాబో. అందులో పేలుడు మందు ఉండదు, సన్నటి లోహపు కడ్డీ వేగంతోనే కవచాన్ని చీల్చుకుపోతుంది. పలుచటి కవచం ఉన్న బండ్లకు తాకగానే పేలే హీట్ గుండు సరిపోతుంది. పొగ కమ్మినా థర్మల్ సైట్ వేడిని పసిగట్టి శత్రువును చూపిస్తుంది.

బొమ్మలు చూస్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు, గుట్టలన్నీ రంగు పూసిన త్రికోణాలే మరి. కానీ ఆ గుట్టలే ప్రాణం కాపాడతాయి. ట్యాంకు ఒళ్లంతా గుట్ట చాటున దాచి ఫిరంగి ఉండే టరెట్ మాత్రం పైకి పెట్టి కాల్చడం ఇక్కడ నేర్చుకోవాల్సిన మొదటి విద్య. బతికి బయటపడ్డ సిబ్బందికి యుద్ధం యుద్ధానికీ అనుభవం పెరుగుతుంది. అందుకే మంచి గన్నర్‌ను పోగొట్టుకుంటే ఆ లోటు తర్వాతి పోరులోనూ తెలుస్తుంది.

కథంతా మధ్య ఐరోపాలో సోవియట్ సేనలతో జరిగే ఊహాయుద్ధం. చిత్రమేమిటంటే ఆట వచ్చిన ఏడాది నవంబరులోనే బెర్లిన్ గోడ కూలింది. కథకు కాలం చెల్లినా ఆట పాతబడలేదు. 1998లో దీనికి రెండో భాగమూ వచ్చింది. మొదటిదాన్ని ఇప్పుడు ఆడి చూడాలనుకుంటే, ఫిరంగి జోలికి పోకముందే మ్యాపు చూడటం నేర్చుకోండి.