కొండదారి సంచిలో వేరుశనగ ముద్ద: తేమే అసలు పరీక్ష

శీతకాలం వచ్చిందంటే అనకాపల్లి, విశాఖపట్నం పరిసరాల నుంచి లంబసింగి, అనంతగిరి, అరకు కొండలకు వీపున సంచి తగిలించుకొని కాలినడకకు బయలుదేరే యువతీయువకులు కనిపిస్తారు. రెండు మూడు రోజుల నడకలో మోసే ప్రతి వంద గ్రాముల బరువూ లెక్కలోకి వస్తుంది. పొయ్యి, వంటపాత్ర, అదనపు నీరు అవసరం లేకుండా, తక్కువ బరువులో ఎక్కువ శక్తినిచ్చే ఆహారం వారికి కావాలి. ఈ అవసరానికి అనేక దేశాల్లో పర్వతారోహకులు ఎంచుకుంటున్న వాటిలో వేరుశనగ వెన్న ఒకటి. వేయించిన గింజలను వాటిలోని నూనె పైకి వచ్చి మెత్తని ముద్ద అయ్యేవరకు రుబ్బితే వచ్చేదే ఈ పదార్థం.

బెల్లానికి పేరుగాంచిన అనకాపల్లిలో ఇటువంటి ఆహారాన్ని తయారు చేయడం స్వయం సహాయక సంఘాలకు మంచి అవకాశం. అయితే శిక్షణ కార్యక్రమాలు సాధారణంగా తయారీ విధానంతో మొదలై ప్యాకింగుతో ముగుస్తాయి. ఈ ఆహారం నాణ్యతను, భద్రతను నిర్ణయించే తేమ మాత్రం అంతకు చాలా ముందే, పంట కళ్ళంలో ఉన్నప్పుడే తన పని మొదలుపెడుతుంది.

పాత రుచి, కొత్త రూపం

గింజలను దంచి ముద్దగా తినడం తెలుగువారికి కొత్త కాదు. వేయించిన నువ్వులను బెల్లంతో కలిపి రోట్లో దంచిన చిమ్మిలి ఈ కోవకు చెందినదే. వేరుశనగ ముద్దకు 1884లో కెనడాకు చెందిన మార్సెలస్ గిల్మోర్ ఎడ్సన్ అమెరికాలో పేటెంటు పొందారు. 1895లో జాన్ హార్వే కెలాగ్ గింజల వెన్న తయారీ విధానానికి పేటెంటు కోసం దరఖాస్తు చేశారు. 1996లో ఫ్రాన్సులో ఆంద్రే బ్రియాండ్, మిషెల్ లెస్కాన్ వేరుశనగ ముద్దకు పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజ లవణాలు చేర్చి తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లల కోసం ప్లంపీనట్ రూపొందించారు. 92 గ్రాముల పొట్లం 500 కిలోకేలరీల శక్తినిస్తుంది. దీనికి వంట అవసరం లేదు, నీరు కలపనక్కరలేదు. కరువు శిబిరంలో పిల్లవాడికి, కొండదారిలో నడిచేవాడికి ఒకే పదార్థం పనికిరావడానికి కారణం ఒక్కటే: అందులో నీరు అత్యల్పం, కొవ్వు అధికం.

బరువుకు తగిన శక్తి

ఒక గ్రాము కొవ్వు 9 కిలోకేలరీలు, మాంసకృత్తులు లేదా పిండిపదార్థాలు 4 కిలోకేలరీల చొప్పున శక్తినిస్తాయి. వంద గ్రాముల వేరుశనగ గింజల్లో సుమారు 49 గ్రాముల కొవ్వు, 26 గ్రాముల మాంసకృత్తులు ఉండి, దాదాపు 567 కిలోకేలరీలు లభిస్తాయి. బెల్లంలో ఇది సుమారు 380. ఈ లెక్కన 70 గ్రాముల వేరుశనగ, 30 గ్రాముల బెల్లం కలిపిన ముద్ద దాదాపు 510 కిలోకేలరీలు, 18 గ్రాముల మాంసకృత్తులు అందిస్తుంది. అంతే శక్తిని వండిన అన్నం నుంచి పొందాలంటే దాదాపు 400 గ్రాములు మోయాలి. పైగా అన్నం మరునాటికే పాడవుతుంది.

కొవ్వు నెమ్మదిగా జీర్ణమై చాలాసేపు ఆకలిని ఆపుతుంది. ఎక్కుడు దారిలో వెంటనే కావలసిన శక్తి మాత్రం చక్కెరల నుంచి త్వరగా అందుతుంది. కాబట్టి వేరుశనగకు బెల్లం తోడవడం రుచికే కాక నడక అవసరానికీ తగిన కూర్పు. ముద్ద తయారీకి నీరు అక్కరలేకపోయినా, తినేవారు తాగునీటిని తగ్గించుకోరాదు. వేరుశనగ పడనివారికి ఇది ప్రాణాపాయం కాగలదు కనుక బృందంలో అటువంటివారు ఉన్నారేమో ముందే విచారించాలి.

బెల్లంతో వచ్చే తేమ

వేరుశనగ ముద్ద చాలాకాలం నిల్వ ఉండడానికి మూలం దాని పొడిదనం. బాగా వేయించిన గింజలో తేమ 1.5 నుంచి 2 శాతమే ఉంటుంది. బెల్లం స్వభావం ఇందుకు విరుద్ధం. అందులోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్, ఖనిజ లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. వర్షాకాలంలో కోస్తా ఇళ్ళలో బెల్లం దిమ్మ చెమర్చి కారడం అందరూ చూసేదే.

ఒక చిన్న లెక్క ఈ తేడాను స్పష్టం చేస్తుంది. 70 గ్రాముల వేయించిన గింజల ద్వారా సుమారు 1 గ్రాము నీరు వస్తుంది. 8 శాతం తేమ గల 30 గ్రాముల దిమ్మ బెల్లం కలిపితే మరో 2.4 గ్రాములు చేరుతుంది. దాని బదులు 2 శాతం తేమ గల బెల్లం పొడి కలిపితే చేరేది 0.6 గ్రాములే. అంటే ముద్దలోని మొత్తం నీరు 3.4 గ్రాముల నుంచి 1.6 గ్రాములకు, సగం కంటే తక్కువకు దిగుతుంది. తేమ పెరిగిన ముద్ద మొదట గట్టిపడి, చెంచాకు లొంగకుండా ఉండలు కడుతుంది. ఆ తరువాత మూత తెరిచిన ప్రతిసారీ పైపొర తేమను తీసుకుంటుంది.

అందువల్ల ఇటువంటి ఉత్పత్తికి దిమ్మ బెల్లం కంటే బాగా ఆరిన బెల్లం పొడి అనుకూలం. 1913లో చెరకు పరిశోధనకు ఆరంభమైన అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో బెల్లం తయారీ, నిల్వ సాంకేతికతపై కూడా కృషి సాగుతోంది. ముద్దకు వాడే బెల్లాన్ని రంగు చూసి ఎంచుకోవడం పొరపాటు. లేత పసుపు రంగు కోసం కొందరు హైడ్రోస్ అధికంగా కలుపుతారు. మన ఆహార ప్రమాణాల ప్రకారం బెల్లంలో గంధక డయాక్సైడ్ 70 పి.పి.ఎం. మించరాదు.

ముద్దలో దాగే విషం

గింజను గింజగా తిన్నప్పుడు కన్ను, నాలుక కాపలా కాస్తాయి. ముడత పడినదాన్ని, రంగు మారినదాన్ని ఏరివేస్తాం. చేదు తగిలితే ఉమ్మివేస్తాం. రుబ్బిన తరువాత ఆ కాపలా ఉండదు. ఒక్క బూజు గింజ దోసిలి మంచి గింజల్లో కలిసి కనిపించకుండా పోతుంది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు మరణించాయి. కారణం వెదికితే వాటి దాణాలో వాడిన వేరుశనగ పిండిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ శిలీంధ్రం ఉత్పత్తి చేసిన అఫ్లాటాక్సిన్ బయటపడింది. ఇది కాలేయానికి హాని చేసే, క్యాన్సర్ కారక విషం. సాధారణ వేపుడు వేడికి పూర్తిగా నశించదు. దీనికి రుచి, వాసన ఉండవు. నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్లకు ఐరోపా సమాఖ్య పరిమితి కిలోకు 4 మైక్రోగ్రాములే.

ఈ శిలీంధ్రం గింజను రెండు దశల్లో ఆశిస్తుంది. కోతకు ముందు చివరి వారాల్లో బెట్ట, నేల వేడి ఎక్కువైతే పొలంలోనే కాయలోకి ప్రవేశిస్తుంది. కోత తరువాత కాయలు సరిగా ఆరకపోతే కళ్ళంలో, గోదాములో వృద్ధి చెందుతుంది. మొదటిది రాయలసీమ వర్షాధార పంటకు ప్రధాన ముప్పు. రెండోది ఖరీఫ్ కోతలు తుపానుల కాలంతో కలిసే కోస్తా జిల్లాల ముప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది సరిగ్గా అటువంటి రోజుల్లోనే.

నిల్వలో నూనె

తేమను అదుపు చేసినా నూనె ఆక్సీకరణ చెంది పాతనూనె వాసన రావచ్చు. సాధారణ రకాలతో పోలిస్తే ఓలియిక్ ఆమ్లం దాదాపు 80 శాతం గల గిర్నార్ 4, గిర్నార్ 5 వేరుశనగ రకాల నూనె ఈ మార్పును ఎక్కువకాలం తట్టుకుంటుంది. నువ్వులకు ఈ రక్షణ మరో రూపంలో ఉంది. వేయించినప్పుడు సెసమోలిన్ నుంచి ఏర్పడే సెసమాల్ సహజ ప్రతిఆక్సీకారిణి. అనకాపల్లి జిల్లాలోనే ఉన్న యలమంచిలి వ్యవసాయ పరిశోధన స్థానం వరాహ, గౌతమ, శారద వంటి నువ్వు రకాలను అందించింది. కాబట్టి వేరుశనగ ముద్దలో కొంత నువ్వుల ముద్ద కలపడం పరీక్షించదగిన కూర్పు.

విస్తరణ సిబ్బంది దృష్టిలో ఉంచుకోవలసిన అంశాలు

• పక్వ దశలోనే కోయాలి. పీకిన మొక్కలను కాయలు పైకి ఉండేలా తిరగేసి ఆరబెట్టాలి. నేలలో మిగిలి, తరువాత ఏరిన కాయలను మంచి కాయలతో కలపరాదు.

• గింజలో తేమ 8 శాతానికి మించకుండా ఎండనివ్వాలి. కాయను ఊపితే గలగలలాడడం, గింజను నలిపితే పొట్టు ఊడడం రైతుకు తెలిసిన గుర్తులు. వీలైన చోట తేమమాపకంతో నిర్ధారించాలి.

• పప్పు విరగకుండా ఉండేందుకు కాయలపై నీరు చల్లి ఒలిచే అలవాటును మాన్పించాలి. ముద్దకు ఉద్దేశించిన సరుకులో ఇది అత్యంత హానికరం.

• వేయించే ముందు, వేయించి పొట్టు తీసిన తరువాత రెండుసార్లు ఏరాలి. ప్రతి దఫా నమూనాను అఫ్లాటాక్సిన్ పరీక్షకు పంపాలి.

• రుబ్బే యంత్రాన్ని పొడిగా శుభ్రం చేయాలి. కడిగితే పూర్తిగా ఆరిన తరువాతే వాడాలి. పొడి ముద్దలో సాల్మొనెల్లా పెరగకపోయినా నెలల తరబడి బతికి ఉంటుంది. 2008-09లో అమెరికాలో వేరుశనగ ఉత్పత్తుల ద్వారా వ్యాపించిన ఈ సూక్ష్మజీవి వల్ల 714 మంది అస్వస్థులు కాగా 9 మంది మరణించారు.

• నడకకు వెళ్ళేవారికి పెద్ద సీసా కంటే ఒకపూటకు సరిపడే 50 గ్రాముల సీలు చేసిన పొట్లం మేలు. పైకి తేలిన నూనె సంచిలో కారదు, మిగతా ముద్దకు గాలి తగలదు. ఖాళీ పొట్లాన్ని కొండపై వదలకుండా తిరిగి తీసుకురావాలన్న సూచన దానిపై ముద్రించాలి.

కొండ మీద ఆకలితో పొట్లం విప్పినవారికి గింజను ఏరుకునే అవకాశం ఉండదు. వారి తరఫున ఆ పని ముందుగా చేయవలసినవారు రైతు, కాయలు ఒలిచే కార్మికురాలు, ముద్ద రుబ్బే సంఘ సభ్యురాలు. కనుక వేరుశనగ వెన్న తయారీపై ఇచ్చే శిక్షణలో మొదటి పాఠం ఎండిన కాయను ఊపి చూడడంతో ప్రారంభం కావాలి.