ఒకే కులం, రెండు జీవితాలు: షోలాపూర్ లెక్క

జాతులు, భాషలు ఎక్కువైతే దేశం ఎదగదని ఆర్థికవేత్తల్లో చాలామంది నమ్మేవారు. 1997లో ఈస్టర్లీ, లెవిన్ ఆఫ్రికా దేశాలను చూపి ఆ మాటే అన్నారు. 2016లో ఆల్బెర్టో అలెసీనా, ఆయన ఇద్దరు సహచరులు ఇంకో దారి పట్టారు. రాత్రివేళ ఉపగ్రహాలు తీసిన చిత్రాల్లో ఏ జాతి ఉండే నేల ఎంత వెలుగుతోందో చూసి, ఆ వెలుగును తలసరిగా లెక్కగట్టారు. జాతులు ఎన్నున్నా సరే, వాటి మధ్య ఆదాయాల ఎడం పెరిగిన దేశాల్లోనే పేదరికం ఎక్కువని తేలింది. ఏది కారణమో, ఏది ఫలితమో ఈ లెక్క ఒక్కటే తేల్చలేదు. కానీ బడి, నీళ్లు, రోడ్డు అందరివీ అన్న భావన అలాంటిచోట నిలవడం కష్టమని ఊహించవచ్చు.

మహారాష్ట్రలోని షోలాపూర్ తూర్పు పేటల్లో ఈ లెక్క చిక్కులో పడుతుంది. 1877లో ఇక్కడ పెద్ద నూలు మిల్లు వెలిసింది. నిజాం ఏలుబడిలోని తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీలు ఎక్కువగా చేనేత కార్ఖానాల్లో కుదురుకున్నారు. కొత్తగా వచ్చినవాడికి తనవాళ్ల కార్ఖానాలోనే పని, పడక, ముందస్తు అప్పు దొరికేవి. ఆ అప్పే తర్వాత కాళ్లకు బంధమైంది. మరమగ్గాలొచ్చాయి, దుప్పట్లకీ టవళ్లకీ దేశమంతా పేరొచ్చింది. సేటుదీ కూలీదీ ఒకే కులం, ఇంట్లో ఒకే తెలుగు. కులం మొత్తానికి సగటు తీస్తే వీళ్లిద్దరి మధ్య దూరం కనిపించకుండా పోతుంది.

ఆ దూరం చూడాలంటే అదే వాడలో, మగ్గం కూలీల ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల దగ్గర కూర్చోవాలి. తడిపిన తునికాకు మీద రేకు ముక్క పెట్టి, దాని కొలతకు కత్తెరతో కత్తిరిస్తారు. చిటికెడు పొగాకు వేసి, చుట్టి, కొస మడిచి, దారం కడతారు. వెయ్యి బీడీలకు ఇంతని కూలి. ఎన్ని గంటలు పట్టిందని ఎవరూ అడగరు. బీడీకైనా మగ్గానికైనా కూలి ఇంత చౌకగా దొరికినన్నాళ్లు పాత మగ్గం మార్చే తొందర గానీ, కొత్త పని నేర్పే అవసరం గానీ యజమానికి ఉండదు. ఎదుగుదలకు అసలు దెబ్బ ఇక్కడే తగులుతుందని నా నమ్మకం.

ఈ ఆడవాళ్ల బతుకు మార్చడానికి గట్టి ప్రయత్నం ఒకటి జరిగింది. తెలుగు కుటుంబంలో పుట్టిన మార్క్సిస్టు నాయకుడు నర్సయ్య ఆడమ్ ముందుండి నడిపిన పోరాటంతో, 2006 నాటికి షోలాపూర్ శివార్లలోని కుంభారి దగ్గర బీడీ కార్మికుల కోసం 10,000 ఇళ్ల గోదుతాయి పరులేకర్ కాలనీ లేచింది. ఖర్చును కేంద్రం, రాష్ట్రం, కార్మికులు పంచుకున్నారు. సొంత గోడలు లేచాక అద్దె బెంగ తీరింది. కూలి మాత్రం ఇంకా వెయ్యి లెక్కనే.